ముందు తట్ట

కాంక్రీటు కలిపే మిల్లర్ మిషన్ గడగడలాడుతోంది. రెండు బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుకా కంకరా నీళ్ళూ కలిసి మొదటి మాలు తయారైపోయింది. కంకర గుట్ట దగ్గర్నుంచి స్లాబు పైకెక్కే ఏటవాలు పలకల దాకా నలభై మంది బారులు తీరి ఉన్నారు. పొద్దున్నే మొదలు కావాల్సిన పని పది దాటినా మొదలు కాలేదు.

వరసలో అందరికంటే ముందున్న మనిషి చుట్టకుదురు సర్దుకుని, మాలు నింపిన తట్టను నెత్తికెత్తుకుంది. పలకల దాకా వెళ్ళింది. అక్కడ పైకెక్కాల్సింది పోయి, నెత్తిన తట్టతోనే పక్కకి తిరిగి స్లాబు కిందికి నడిచింది.

కింద చీకటిగా ఉంది. ఇనుప రేకుల్ని మోస్తూ పోటుకర్రలు నిలబడి ఉన్నాయి. హాలు మధ్యలో మూడు చోట్ల కర్రలే లేవు. వాటి పక్కనున్న కర్రల కింద పలక ముక్కలకు బదులు ఇటుక ముక్కలు కుక్కారు. నిన్నటి వానకి నేల మెత్తగా ఉంది. ఆమె బొటనవేలితో ఒక ఇటుకను నెట్టింది. కదిలింది.

బయటికొచ్చి తట్ట దించేసింది.

ఆ ముఠాలో ఆమెను ముందుతట్ట అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆ పదవికి ఎన్నికల్లేవు, కాగితాల్లేవు. అత్త చేసింది, అత్త మోకాళ్ళు అరిగిపోయాక ఈమె చేస్తోంది. స్లాబు రోజున ముందు తట్ట ఆమే మోయాలి. అంతకుముందు కింద తిరిగి ప్రతి కర్రా చూడాలి. తర్వాత ఒక్కతే పైకెక్కి, నట్టనడుమ నిలబడి కాలు దన్ని, "రండి" అనాలి. ఆ మాట వినపడేదాకా ఎవరూ పలక మీద కాలు పెట్టరు. సాయంత్రం అందరూ దిగాక చివర దిగేది కూడా ఆమే. ఇంతా చేస్తే కూలి మాత్రం మిగతా ఆడవాళ్ళతో సమానం, ఐదొందల యాభై. మగవాళ్ళకి ఎనిమిదొందలు. ఎందుకని అడిగితే "మగవాళ్ళు కదా" అంటారు. అంతకంటే పెద్ద లెక్క ఎవరికీ రాదు.

ఈ రోజు ఆమె కిందికెళ్ళి చూసేలోపే కంట్రాక్టరు మిషన్ తిప్పించాడు. మాలు కలిస్తే ఆగదు కదా, మనుషులూ ఆగరని అతని నమ్మకం.

"ఏంటమ్మా, శకునం చూస్తున్నావా?" గొడుగు నీడలో కుర్చీలోంచి అరిచాడతను. అతని వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'మనమంతా ఒకే కుటుంబం' అని రాయించి ఉంది. ఆ కుటుంబంలో గొడుగు మాత్రం ఒకటే.

"మధ్యలో మూడు పోట్లు లేవు సారూ. ఉన్నవాటి కింద ఇటుక ముక్కలు పెట్టారు. నేల తడి ఆరలేదు."

"వడ్రంగి చూశాడులే."

పోట్లు పెట్టిన వడ్రంగి నేల చూపులు చూశాడు. "కర్రలు రేపొస్తాయన్నారు కదా సారూ... మీ ఇంకో సైట్లో పనయ్యాక..." అని గొణిగాడు.

కర్రలు ఎక్కడికి పోయాయో అందరికీ తెలిసిపోయింది. కంట్రాక్టరు కుర్చీలోంచి లేచి, గొంతులో తేనె కలుపుకుని దగ్గరికొచ్చాడు.

"చూడమ్మా, నువ్వంటే నాకెంత గౌరవమో తెలుసు కదా. మొన్న పెద్ద మీటింగులో నీ గురించే చెప్పాను. నాయకత్వమంటే ఏంటో మా సైటుకొచ్చి నేర్చుకోండయ్యా, ఒక్క మనిషి మాట మీద నలభై మంది నడుస్తారు, అదీ మన పెద్దలిచ్చిన సంప్రదాయం అన్నాను. ఎంతసేపు చప్పట్లు కొట్టారో తెలుసా?"

"కొడతారు సారూ. వాళ్ళు స్లాబెక్కరుగా."

మిషన్ నడిపే అతను కిసుక్కున నవ్వి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నాడు.

"మరి సంప్రదాయం ప్రకారం ముందు తట్ట నీదే కదా. ఎత్తు."

"ఒట్టి ఎత్తడమే మా అత్త నేర్పలేదు సారూ. చూసి ఎత్తమంది. ఒకసారి చూడకుండా ఎత్తాను. మళ్ళీ ఎత్తను."

ఆ మాటకి అందరి చూపూ వరసలోనే ఉన్న ఆమె తోడికోడలి ఎడమకాలి మీదికి పోయింది.

నాలుగేళ్ళ కిందటి మాట. ఆ రోజు పిల్లకి జ్వరమని ముందుతట్ట పనికి ఆలస్యంగా వచ్చింది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఏమీ కాలేదు కదా అనుకుని కింద చూడకుండానే ఎక్కేసింది. కాలు దన్నింది, "రండి" అంది. నమ్మి వచ్చారు. పదో తట్ట పడేసరికి అంచు జారింది. దానితో పాటు తోడికోడలు కింద పడి కాలు రెండు చోట్ల విరిగింది. అప్పటి కంట్రాక్టరు వారం కూలి చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఒకే గోడకి అటొకరు ఇటొకరు కాపురం ఉంటూ కూడా, ఆనాటి నుంచి తోడికోడలు ఆమెను అక్కా అని పిలవలేదు. అది న్యాయమేనని ముందుతట్టకి తెలుసు. అందుకే ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

"వదినా, కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నెమ్మదిగా ఎక్కితే ఏం కాదేమో చూడు," అంది వెనకనుంచి ఒకామె. అన్నందుకు సిగ్గుపడుతూనే అంది.

"సారూ, మిషన్ ఖాళీ చేయనా?" అన్నాడు నడిపే అతను. "లోపల మాలు గట్టిపడితే దీన్నే ఓ పోటుగా నిలబెట్టుకోవాలి."

కంట్రాక్టరు గొంతులో తేనె అయిపోయింది. "ఇవాళ ఎక్కకపోతే రేపట్నుంచి ఒక్కరూ రానక్కర్లేదు. ముందు కట్టబోయే మూడు బిల్డింగులకీ వేరే ముఠాని పెట్టుకుంటా." తర్వాత తోడికోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆవిడ వల్లేగా నీ కాలు పోయింది? ఆ తట్ట నువ్వెత్తు. ఇవాల్టినుంచి ముందుతట్టవి నువ్వే. మగకూలి ఇస్తా."

తోడికోడలు వరసలోంచి బయటికొచ్చింది. ముందుతట్ట ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఇది ఎక్కితే వెనకే అందరూ ఎక్కుతారు. ఆపుదామంటే ఏ మొహం పెట్టుకుని ఆపాలి?

"వద్దే," అంది, అయినా ఉండబట్టలేక.

తోడికోడలు ఆమె వైపు చూడలేదు. కుంటుకుంటూ తట్టను దాటి స్లాబు కిందికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. ఇటుక మీద ఇటుక జరిగిన చప్పుడు వినిపించింది. వచ్చాక మోకాలి మట్టి దులుపుకుని, తట్ట ఎత్తమని పక్కవాళ్ళకి సైగ చేసింది. నెత్తిన పెట్టుకుని తిన్నగా నడిచి, దాన్ని కంట్రాక్టరు బూట్ల ముందు దించింది.

"చూశాను సారూ. మీరు ముందెక్కండి. మధ్యలో నిలబడి కాలు దన్ని, రండి అనండి. మీ వెనకే నలభై మందిమీ వస్తాం."

"నేనా?" అతను నవ్వాడు. తోడుగా ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు.

"ఒకే కుటుంబం కదా సారూ. ఇంటికి పెద్ద మీరేగా."

అతను స్లాబు వైపు చూశాడు. పలకల వైపు చూశాడు. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అతను వెయ్యని ఆ అడుగును నలభై మందీ కళ్ళారా చూశారు. ఇందాక పొయ్యి వెలగదన్న ఆమె చుట్టకుదురు తీసి దులిపి, బొడ్లో దోపుకుంది.

"ఈ ఊరు ముఠాలకి గొడ్డుపోలేదు," అంటూ అతను ఫోను తీశాడు.

"పిలవండి సారూ," అంది ముందుతట్ట. "వాళ్ళలోనూ ముందెక్కే మనిషి ఒకరుంటారు."

ఆమె వెళ్ళి పలకల మొదట్లో అడ్డంగా కూర్చుంది. వెనకే ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. తోడికోడలు అందరికంటే ఆఖరున వచ్చి, చోటు లేక నిలబడింది.

"కాస్త జరుగక్కా," అంది. "ఈ కాలు మడుచుకోదు."

ముందుతట్ట జరిగింది. తోడికోడలు పక్కనే కూర్చుంది. విరిగి అతికిన ఆ కాలు పలక మీద బారుగా చాపుకుంది. మిషన్ ఆగిపోయింది. కంట్రాక్టరు ముందున్న తట్టలో మాలు అంచుల వెంట తెల్లబడటం మొదలైంది.

గంట తర్వాత గేటు ముందు లారీ ఆగింది. మనుషులు దిగుతున్నారు. అందరికంటే ముందు దిగిన నడివయసు ఆడమనిషి చేతిలో చుట్టకుదురు ఉంది. కంట్రాక్టరు ఎదురెళ్ళి స్లాబు పైకి చెయ్యి చూపిస్తున్నాడు.

ముందుతట్ట మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"రామ్మా," అని గట్టిగా పిలిచింది. "ముందు కింద చూద్దువుగాని."