ఫ్యాను కింద ఆరబెట్టిన మట్టి

కొత్త కోడలు స్నానం చేసి వచ్చేసరికి పడకగది అద్దంలా మెరుస్తోంది. ఫ్యాను కింద పేపర్ల మీద ఆరబెట్టిన మట్టి మాత్రం లేదు. భర్త చూసుకునే ఆటమైదానంలో పచ్చిక పసుపెక్కిపోతోంది. ఈ సాయంత్రం ఆ మట్టి ల్యాబ్‌కి వెళ్ళి కారణం తేలకపోతే అతని ఉద్యోగానికే ఎసరు.

“అత్తయ్యా, ఇక్కడి మట్టి ఏదండీ?”

“గులాబీ కుండీలో పోసి నీళ్ళు పెట్టానమ్మా. పడకగదిలో మట్టికుప్పలేమిటి? వాడికి బుద్ధి లేకపోతే నీకైనా ఉండక్కర్లేదా?”

అదెందుకో కోడలు చెప్పేసరికి అత్తగారు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. కోడలు బాల్కనీలోకి వెళ్ళి, కళ్ళనీళ్ళతో భర్తకి ఫోన్ చేసింది. అతను పగలబడి నవ్వాడు.

“పిచ్చిదానా, మెట్ల కింద ప్లాస్టిక్ బకెట్ చూడు. మైదానమంతా తిరిగి తవ్విన మట్టి అందులోనే కలిపాను. మనం ఆరబెట్టింది అందులో కాస్తే. ఎక్కడ తీసినా ఒకటే, ఇంకో రెండు గుప్పిళ్ళు ఆరబెట్టు. తడిగా మాత్రం పంపకు.”

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ పేపర్లు పరిచింది. ఫ్యాను చాలదన్నట్టు అత్తగారు కూడా పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరారు. కొరియర్ అతను బెల్లు కొట్టేసరికి మట్టి పొడిపొడిగా సంచిలో చేరి, పెట్టెలో బుద్ధిగా కూర్చుంది.

బండి వీధి మలుపు తిరిగేదాకా అత్తాకోడళ్ళిద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

“అమ్మయ్య. ఈ సంగతి వాడికి చెప్పకే తల్లీ.”

“ఎప్పుడో చెప్పేశానత్తయ్యా.”

“ఏమన్నాడు?”

“పగలబడి నవ్వారు.”

“నవ్వాడా? అయితే బతికాను” అన్నారు అత్తగారు.