నన్ను చూసి లేవని గువ్వలు

ఇరవై రెండేళ్లు బస్సు తోలాను. నా చక్రం కింద ఒక్క పిట్ట కూడా పడలేదు. ఈ మాట ఎత్తితే చాలు, మా ఆవిడ రూబీ లేచి వంటింట్లోకి పోతుంది. అన్నిసార్లు చెప్పానన్నమాట. రిటైరయ్యేలోగా ఆ పేరు చెడకూడదని నా పంతం.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే పొద్దుటి బస్సు నాది. వింజమూరు దాటాక శీనయ్య అనే రైతు పీకిన ఉలవ చెట్లను ఏటా తారు రోడ్డు మీదే పరుస్తాడు. కూలీలతో పని లేకుండా, దారిన పోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి. ఆ గింజల కోసం గువ్వలు దిగుతాయి. బండ్లు వాటినీ తొక్కేస్తాయి.

నేను మాత్రం బస్సు ఆపి, అవి తీరిగ్గా పక్కకు నడిచిపోయేదాకా కూర్చునేవాణ్ణి.

"ఏంది యేసుబాబూ, తొక్కిపోరాదా? నువ్వు నిలబడితే నా ఉలవలు రాలేదెట్టా?" అని శీనయ్య గొణిగేవాడు.

"దిగి దండం పెట్టన్నా, తొందరగా దారిస్తాయి," అనేది మా కండక్టర్ అనురాధ. వెనక నుంచి ప్రయాణికుల వెటకారాలు వేరే. నాకు ఒళ్లు మండేది. అంత తొందరైతే దిగి నడవమనేవాణ్ణి.

నెల తిరిగేసరికి గువ్వలకు నా బస్సు అలవాటైపోయింది. చక్రం మూరెడు దూరానికి వచ్చినా లేచేవి కావు. "చూసినావా, నేనంటే వాటికి భయమే లేదు," అని అనురాధ ముందు మీసం తిప్పాను.

నా ఆఖరి ట్రిప్పుకు పది రోజుల ముందు అలాగే ఆపి కూర్చున్నాను. వెనక నుంచి ఒక కారు హారన్ కొట్టుకుంటూ నన్ను దాటి దూసుకొచ్చింది. గువ్వలు తలెత్తి చూశాయి గానీ లేవలేదు. కారు పోయాక ఐదు గువ్వలు తారు మీద పడి ఉన్నాయి. ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటోంది. చేతుల్లోకి తీసుకునేసరికి అదీ ఆగిపోయింది.

అనురాధ కారువాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

"వాణ్ణి తిట్టమాక," అన్నాను. "బండి వచ్చినా కదలాల్సిన పన్లేదని వాటికి నేర్పినోణ్ణి నేనే."

ఉలవలు చేలోనే కొట్టించుకోమని శీనయ్యను బతిమాలాను. "మనుషులు దొరికితే నాకీ తిప్పలెందుకు?" అన్నాడు. అదీ నిజమే.

మర్నాటి నుంచి దూరంగానే బస్సు ఆపి, దిగి, కేకలు పెడుతూ గువ్వల పక్కకు మట్టిగడ్డలు విసిరాను. రెండో రోజుకు అనురాధ కూడా దిగి టికెట్ల సంచీ ఊపుతూ అరిచింది. బస్సులోవాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకోనీ అని రోజూ అదే పని చేశాం.

ఆఖరి రోజు బస్సు మలుపు తిరిగిందో లేదో, హారన్ కొట్టకముందే గువ్వలన్నీ లేచి చెట్లెక్కాయి. మొదటిసారి ఆపకుండా ఉలవల మీదుగా తోలుకుపోయాను. ఎండిన కాయలు చక్రాల కింద పటపటలాడాయి.

"సంతోషమేనా అన్నా?" అంది అనురాధ.

"సంతోషమే," అన్నాను. అబద్ధం కాదు. కానీ నన్ను చూసి అవి అలా పారిపోయాక, అనుమసముద్రంపేటలో టీ తాగేదాకా నా కళ్లు తడారలేదు.