ముక్కుతాడు బండి, తోపుడుబండి

బావ తన కారు మీద తనే అనుమానపడుతున్నాడని అక్క ఫోన్‌లో చెబితే నేను నమ్మలేదు. అక్క మీద అలిగాడంటే నమ్ముతాను, అన్నం మానేశాడన్నా నమ్ముతాను. ఆ కారును పల్లెత్తు మాట అన్నాడంటే మాత్రం నమ్మను. దాన్ని ట్యాక్సీగా తిప్పి ఇల్లు కట్టాడు, కూతుర్ని చదివించాడు, పెళ్ళి చేశాడు.

మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క తగవు కార్లే. నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. నా చిన్న కారులో ఇంజన్ బలం ముందు చక్రాలకు వెళుతుంది. ఆయన పాత పెద్ద కారులో వెనక చక్రాలకు వెళుతుంది. ఆయనది తోపుడుబండి అని నేను ఎగతాళి చేసేదాన్ని. "నీది ముక్కుతాడు బండి మరదలా, లాగిన వైపు పోవడమే తప్ప దానికి సొంత బుద్ధి ఎక్కడిది?" అని ఆయన అనేవాడు. ఎన్ని పండుగ భోజనాలు ఈ గోలతోనే చల్లారిపోయాయో అక్కనడగాలి.

బావ చెప్పులు విప్పేసి నడుపుతాడు. చలికాలంలోనూ అంతే. వెనక నుంచి తోసే బండి వంపులో తోక జారబోతుంటే ఆ సంగతి ముందు అరికాలికి తెలుస్తుందట, తర్వాత నడుముకి, ఆ తర్వాతే బుర్రకి. మధ్యలో చెప్పు అడ్డమెందుకన్నది ఆయన వాదన. ట్యాక్సీ స్టాండ్‌లో అందరూ ఆయన్ని ఉత్తకాళ్ళ దొర అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా గర్వం.

అలాంటి మనిషి వచ్చి నా షాపులో స్టూలు మీద కూలబడ్డాడు.

"బండి నాతో మాట్లాడటం మానేసింది," అన్నాడు. "వంపు తిరిగేటప్పుడు చక్రానికి పట్టుందో లేదో తెలియట్లేదు. ఏదో దూది మీద నడుపుతున్నట్టుంది."

కారును మెషీన్ మీదికి ఎక్కించాను. చక్రాల కోణాలు చూశాను, షాక్ అబ్జార్బర్లు చూశాను, టైర్లు తడిమాను, కింద దూరి ప్రతి నట్టూ బిగించి చూశాను. ఒక్క లోపం దొరికితే ఒట్టు. ఆ మాటే చెప్పాను. ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది.

ఆయన దిగులు నాకు తెలుసు. కూతురు కొండ మీద ఊళ్ళో, అత్తవారింట్లో పురుడు పోసుకుంది. మర్నాడు ఉదయం తల్లినీ బిడ్డనూ కిందికి తీసుకురావాలి. కొండ దారంతా మెలికలు, పక్కనే లోయ, పైగా విడవని వాన. నా మనవణ్ణి నేనే తెస్తానని బావ పట్టుబట్టి కూర్చున్నాడు. అల్లుడు వేరే కారు మాట్లాడతానంటే ఫోన్‌లోనే కస్సుమన్నాడట.

"నీ బండీ నా బండీ పక్కపక్కన పెట్టి చూద్దాం," అన్నాడు. "తడి నేల మీద ఏది మాట వింటుందో రేపు దాన్నే తీస్తా."

నా కారును పోటీకి ఒప్పుకున్నాడంటేనే ఆయన ఎంత భయపడ్డాడో తెలిసింది. పైకి మాత్రం, "ఏం బావా, ముక్కుతాడు అంత ముద్దొచ్చిందా?" అన్నాను.

మూతపడ్డ గోడౌన్ వెనక పెద్ద సిమెంటు ఆవరణ ఉంది. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు అక్కడికి వెళ్ళాం. షాపులోని పాత టైర్లు తెచ్చి కొండ దారి మెలికలాగా వరసగా పరిచాం. మిగిలినవి గోడ పక్కన కుప్ప పోశాం. బావ అప్పటికే చెప్పులు విప్పేసి టైర్లు దొర్లిస్తున్నాడు. గోడౌన్ కిటికీల అద్దాలు పగిలి గోడ వెంట పెంకులు రాలి ఉన్నాయి.

"చెప్పులేసుకోండి బావా, గాజు పెంకులున్నాయి."

"గుచ్చుకుంటే నాకు తెలియదా ఏంటి?" అన్నాడు.

అక్క గొడుగేసుకుని టైర్ల కుప్ప వెనక గట్టు మీద కూర్చుంది. ఆయన షుగర్ మాత్ర, మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది పాపం. గుర్తుచేయకపోతే ఆయన వేసుకోడు.

ముందు ఆయన కారు నేను నడిపాను. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ తోపుడుబండి అని వెక్కిరించాను గానీ, వంపు మధ్యలో కాస్త ఎక్కువ తొక్కితే వెనక భాగం పక్కకు జరగడం, కాలు సడలించి స్టీరింగ్ సర్దగానే మళ్ళీ దారికి రావడం, అన్నీ ఒంటికి చక్కగా తెలుస్తున్నాయి. బండి బంగారంలా ఉంది.

తర్వాత ఆయన నా కారు నడిపాడు. వంపులో అది తిరగకుండా నేరుగా పోయి ఒక టైరును తోసేసింది. ముందు చక్రాలతో లాగే బండికి అదే లక్షణం. వంపులో మరీ తొక్కితే ముక్కు బయటికి పోతుంది. బ్రేకు మీద కాలు పడగానే బుద్ధిగా లోపలికి వచ్చింది.

"చూశావా, దీనికి వంపు తిరగడమే రాదు," అని కిటికీలోంచి అరిచాడు.

"అంత తొక్కితే ఏ బండి తిరుగుతుంది? మెల్లగా!"

"మెల్లగానే కదే తొక్కింది!"

బుకాయిస్తున్నాడనుకుని నవ్వాను.

చివరికి ఆయన తన కారెక్కాడు. మొదటి వంపు అందంగా తిరిగాడు. రెండో వంపులో వెనక చక్రాలు జారాయి. ఆయన చేతులు క్షణంలో స్టీరింగ్‌ను సరైన వైపుకే తిప్పాయి, అంత చక్కగా నేను కూడా తిప్పలేను. కానీ ఇంజన్ హోరు తగ్గలేదు. తగ్గాల్సిన చోట ఇంకా పెరిగింది. కారు గిర్రున తిరిగింది. వెనక భాగం ముందుకొచ్చి, అక్క కూర్చున్న గట్టు వైపు నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయింది.

అరవాలనుకున్నాను. నోరు పెగల్లేదు. టైర్ల కుప్పను గుద్దుకుని కారు ఆగింది, ఇంజన్ కూడా ఆగిపోయింది. అక్క చెయ్యి చాపితే అందేంత దూరంలో డిక్కీ ఉంది. ఆమె చేతిలోని గొడుగు ఎటో ఎగిరిపోయింది. పిడి పట్టుకున్నట్టే ఆమె వేళ్ళు బిగిసి ఉన్నాయి.

అప్పుడొచ్చింది నా నోట మాట. పరుగెత్తుకెళ్ళి డోరు లాగి చెడామడా తిట్టాను. "పిచ్చా మీకు? జారుతుంటే కాలు తీయాలని కూడా మర్చిపోయారా? అక్క పోయేది!"

"తీశానే," అన్నాడు బావ. పెదాలు తెల్లబడ్డాయి. "కాలు తీసేశాను. నీ మీదొట్టు."

కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. పెడల్ నేలకంటా అణిగి ఉంది. దాని మీంచి రబ్బరు మ్యాట్ మీదికి ఎర్రగా కారుతోంది. వంగి చూశాను. అరికాలి మధ్యలో గాజు పెంకు దిగబడి ఉంది. ఆయన తొక్కిన ప్రతిసారీ అది ఇంకా లోపలికి పోయింది.

"బావా, మీ కాలు..."

ఆయన నా ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"ఏ కాలు?" అన్నాడు.

అక్క వచ్చి నా భుజం పట్టుకుంది. ఆయన నెమ్మదిగా కిందికి చూసుకున్నాడు. చాలాసేపు, వేరే ఎవరి కాలినో చూస్తున్నట్టు చూశాడు.

అక్క పైట చెంగు చించి కాలికి చుట్టింది. ఇద్దరం ఆయన్ని నా కారు వెనక సీట్లోకి ఎక్కించాం. నేను స్టీరింగ్ ముందు కూర్చుని పెడల్ మీద కాలు పెడితే చెప్పు జారింది. కిందికి చూశాను. నా కారు మ్యాట్ మీద కూడా రక్తం ఉంది.

అంటే గాజు అప్పటికే దిగి ఉంది. ఆ కాలితోనే నా కారూ నడిపాడు. నా కారు ఒక టైరును మాత్రం తోసి, ఆయన తప్పును సర్దేసి, ఎవరికీ ఏమీ తెలియనివ్వలేదు. తన బండే చెప్పేసింది. ఈ ఒక్క పూట నా కారుతోనే ఆపేసి ఉంటే, రేపు పసిబిడ్డను ఎక్కించుకుని ఆయన కొండ దిగేవాడు. నేనే తాళాలిచ్చి పంపేదాన్ని. ఆ ఊహకే ఇంజన్ స్టార్ట్ చేయడానికి రెండుసార్లు తడబడ్డాను.

ఆస్పత్రి దారిలో వాన మళ్ళీ అందుకుంది. బావ కాలు అక్క ఒడిలో ఉంది. ఆయన తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

"వాన నీళ్ళకి తిమ్మిరెక్కిందంతే," అన్నాడు. "కట్టు కట్టించుకుంటే సరి. రేపు నేనే వెళతా."

"షుగరుకి కాళ్ళ స్పర్శ పోతుందంటారు. రెండో కాలు కూడా ఇలా పెట్టండి," అంది అక్క.

పెట్టాడు.

"వేళ్ళు నొక్కుతాను. తెలిస్తే చెప్పండి."

"ఊఁ."

కాసేపు వైపర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"తెలుస్తోందా?" అంది అక్క.

"ఆఁ, ఎందుకు తెలియదు? బొటనవేలు. గట్టిగానే నొక్కుతున్నావు."

అద్దంలో చూశాను. అక్క రెండు చేతులూ తన నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఆ నిశ్శబ్దానికి బావ కళ్ళు తెరిచాడు. అక్క చేతులు చూశాడు, తన కాళ్ళు చూశాడు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆస్పత్రి గేటు కనిపించాక చొక్కా జేబులోంచి కారు తాళం తీసి, వెనక నుంచి నా పక్క సీట్లో పెట్టాడు.

"నా బండి షాపులోకి తెచ్చి పెట్టు," అన్నాడు. "రేపు నువ్వే వెళ్ళు మరదలా. నీ బండిలోనే తీసుకురా. పసివాడికి అదే మంచిది."

ఇన్నేళ్ళుగా ఆ మాట ఆయన నోట అనిపించాలని చూశాను. ఇప్పుడు అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ముక్కుతాడు బండి అనండి బావా," అన్నాను. "ఒక్కసారి అనండి."

ఆయన అనలేదు.