సుక్కి పుట్టిల్లు

మా చెల్లెలి ఊరికి కుక్కల వల్ల పేరొచ్చింది. ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతున్నాను. నేను ఖాజాగూడలో పుట్టి, ఖాజాగూడలోనే ఐదంతస్తుల హాస్టల్ కట్టుకున్న బాలనర్సయ్యను. నాకు బోనగుట్ట మీద కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగనంత కుళ్ళు.

బోనగుట్ట ఏమంత ఊరని? ఒక బస్టాండు, రెండు పెట్రోలు బంకులు, గుట్ట మీద సగం కూలిపోయిన కోట. మా కనకలక్ష్మిని ఆ ఊరి రాములుకిచ్చి పెళ్ళి చేసినప్పుడు మా అమ్మ బాలమ్మ, "గా ఊర్లె రాళ్లు తప్ప ఏమున్నయిరా" అని ముక్కు చీదింది. రాళ్ళ మాటకొస్తే మా ఖాజాగూడలో లేని రాళ్ళా? మాకు చెరువు కూడా ఉంది. ఆదివారం పొద్దున వచ్చేవాళ్ళు మా రాళ్ళెక్కి ఫోటోలు దిగి, కిందికి దిగి, దోసె తిని పోతారు. ఇదేం ఊరని ఒక్కడూ అడగడు.

బోనగుట్టకు మాత్రం ఊరి పేరు అడుక్కుంటూ పోతున్నారు. ఎందుకంటే అక్కడ కుక్కలు మనుషులను కోట ఎక్కిస్తాయి. పదిమంది గుట్ట ఎక్కుతుంటే నాలుగు కుక్కలు వెంట నడుస్తాయి. ఒకటి ముందు, ఒకటి వెనక, రెండు పక్కల. ఫోటో కోసమని ఎవరైనా వెనకబడితే వెనక కుక్క ఊరుకోదు. చుట్టూ తిరిగి, మోకాలి వెనక మూతితో ఒక పోటు పెట్టి, గుంపులో కలిపేదాకా వదలదు. మందలో గొర్రెను కలపడం వాటికి నేర్పక్కర్లేదు, పుట్టుకతో వచ్చిన విద్య. గొర్రెలు పోయి సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు, అంతే తేడా. ఆఫీసులో మేనేజరు తోలితే ఏడ్చేవాళ్ళు ఇక్కడ కుక్క తోలితే మురిసిపోతున్నారు.

ఈ ఆలోచన మా కనకలక్ష్మి కూతురు కృష్ణప్రియది. మాదాపూర్‌లో ప్రకటనలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దానికి. రెండేళ్ళ కింద తల్లి పెంచే కుక్కలను వీడియో తీసి, "రండి, మా కుక్కలు మిమ్మల్ని కోట ఎక్కిస్తాయి" అని రాసి పెట్టింది. తర్వాత మున్సిపాలిటీ వాళ్ళు ముందుకొచ్చారు. ఇప్పుడు మెట్రో స్తంభం మీద కుక్క బొమ్మ. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నుదుట తెల్లచుక్క, కింద పెద్ద అక్షరాలతో బోనగుట్ట. నేను కూరగాయలకు పోయినా, బ్యాంకుకు పోయినా అది నన్నే చూస్తుంటుంది. దాన్ని చూడకుండా ఉండడానికి ఒకసారి చుట్టుదారిలో పోయి గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను.

"కుక్క బొమ్మను జూసి గంత మండుతవేంది?" అంది మా ఆవిడ శ్రీలత.

ఎందుకు మండనో మీరే చెప్పండి. ఆ కుక్క మాది. ఆ చుక్క మా సుక్కిది. మా నాయన ఈ రాళ్ళ మధ్యనే మంద కాసేవాడు. సుక్కి అమ్మమ్మ, దాని అమ్మ, అన్నీ మా వాకిట్లో పుట్టినవే. మంద అమ్మేశాక కూడా మా అమ్మ సుక్కిని వదల్లేదు, తను తినే జొన్నరొట్టెలో సగం దానికే వేసేది. అమ్మ పోయాక మా చెల్లె దాన్ని తీసుకుపోయింది. ఎనిమిదేళ్ళలో దాని పిల్లలు, పిల్లల పిల్లలు కలిసి పాతికయ్యాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇది చాలదన్నట్టు మా హాస్టల్ పిల్లలు. మూడో అంతస్తులో యశ్వంత్ అని అనంతపురం కుర్రాడున్నాడు. ఒక సోమవారం పొద్దున ఫోను పట్టుకుని కిందికి దిగి, నేను టీ తాగుతుంటే పక్కన కూర్చున్నాడు.

"అంకుల్, బోనగుట్టకు పోయినారా మీరు? ఈ కుక్కను చూడండి, మా టీమ్ లీడును ఎట్ల తోలుతాండాదో! ఇట్లాంటి కుక్క యాడా చూళ్ళేదు అంకుల్ నేను."

"మా ఇంటి కుక్కే అది" అన్నాను.

వాడు నవ్వాడు. పెద్దవాణ్ణి కదా అని మర్యాదగా నవ్వాడు. "జోకులు బాగా ఏస్తారు అంకుల్" అని లేచిపోయాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా పెరట్లోంచి పోయిన చెట్టు పక్క ఊళ్ళో సర్వరోగ నివారిణి అయి కూర్చుంది. ఆ టీ నాకు విషంలా దిగింది.

పోయిన నెల కృష్ణప్రియ ఇంటికొచ్చి ఆహ్వాన పత్రిక ఇచ్చింది. చిన్న ఊళ్ళ పర్యాటక మేళా అట, మాదాపూర్‌లో పెద్ద హాలులో. బోనగుట్ట తరఫున వాళ్ళమ్మ కుక్కను తీసుకుని స్టేజీ ఎక్కుతుందట. పత్రికతో పాటు రంగురంగుల పుస్తకం ఒకటి. అందులో మొదటి పేజీ, మొదటి వాక్యం: శతాబ్దాలుగా బోనగుట్ట కాపరులు కంటికి రెప్పలా కాపాడుకుంటున్న జాతి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏ శతాబ్దాలే? ఎనిమిదేండ్లాయె గా కుక్క ఆ ఊరు జూసి!"

"మామా, జర నెమ్మది" అంది కృష్ణప్రియ. "అది పర్యాటకుల కోసం రాసింది. ఊర్ల ముప్పై ఇండ్లు ఇప్పుడు దాని మీదనే నడుస్తున్నయ్. గుట్ట కింద హోటళ్లు వడ్డయ్, పిల్లలు గైడ్లయిన్రు. ఇప్పుడొచ్చి మాది గాదంటే ఎట్ల?"

"నడవనీ, నేనొద్దన్ననా? ఖాజాగూడ అని రాయి. బాలమ్మ ఇంటి కుక్క అని రాయి. గంతే."

"ప్రింటయిపోయింది మామా."

ప్రింటయిపోయిందట. మా ఊరి పేరుకు అద్దాల మేడలు తప్ప ఏమీ మిగలలేదు. ఇక్కడ పుట్టిన జీవం ఒక్కటి లోకానికి నచ్చితే, దానికీ వేరే ఊరి పేరు పెట్టి ప్రింటు కొట్టించారు. ఆ రోజే నిశ్చయించుకున్నాను. మేళాకు పోతాను, నలుగురిలో లేచి నిలబడతాను, ఆ ఒక్క మాట మార్పిస్తాను. మా చెల్లె మొహం ఎట్లుంటుందో ఆలోచించలేదు. అబద్ధం ఎందుకు, ఆలోచించాను. ఆలోచిస్తే కొంచెం తియ్యగానే అనిపించింది.

మేళా రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాను. శ్రీలత రానంది. నాలుగైదు ఊళ్ళ వాళ్ళు వచ్చి తమ జలపాతాలూ చీరలూ చూపించి పోయారు. ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు. తర్వాత కనకలక్ష్మి వచ్చింది.

ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో తాడు పట్టుకుని మెల్లగా నడిచింది. తాడు చివర కుక్క. అచ్చు సుక్కి. హాలు హాలంతా ఫోన్లు పైకెత్తింది. ముందు వరస పిల్లలను యాంకరమ్మ స్టేజీ ఎక్కించి అటూ ఇటూ నడవమంది. కుక్క తాడు విప్పగానే వాళ్ళ చుట్టూ ఒక చుట్టు చుట్టి, పారిపోబోయిన పిల్లవాడి మోకాలికి ఒక పోటు పెట్టి, అందరినీ ఒక మూలకు చేర్చి కూర్చుంది. జనం ఈలలు వేశారు. మా నాయన పోయాక మళ్ళీ ఆ చుట్టు చూడడం అదే మొదటిసారి.

"ఈ అద్భుతమైన జాతి బోనగుట్ట మట్టిలో పుట్టిందండీ!" అంది యాంకరమ్మ.

నేను లేచి నిలబడ్డాను. "గా కుక్క బోనగుట్టది గాదు!"

కృష్ణప్రియ స్టేజీ పక్కనుంచి చేతులు ఊపుతూ కూర్చోమని సైగ చేసింది. కూర్చోలేదు. "గది మా ఖాజాగూడ కుక్క. మా ఇంట్ల పుట్టిన కుక్క. అబద్ధాలు జెప్పి ఊర్లకు ఊర్లు పేరు సంపాయిస్తున్నయ్!"

"మీరెవరండీ?" అంది యాంకరమ్మ.

నేను నోరు తెరిచేలోపు కనకలక్ష్మి ఆమె చేతిలోంచి మైకు తీసుకుంది. "మా అన్న" అంది.

అప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే మీకు చెప్పని మాట ఒకటుంది. చెల్లె సుక్కిని తీసుకుపోయిందన్నాను కదా. తీసుకుపోలేదు, నేనే వెళ్ళగొట్టాను.

అమ్మ పోయిన ఏడే హాస్టల్ తెరిచాను. రాత్రి పొద్దుపోయి వచ్చే పిల్లలను చూసి సుక్కి మొరిగేది. మొరగడమే కాదు, మెట్ల దగ్గర ముగ్గురు కనిపిస్తే మంద అనుకుని లోపలికి తోలేది. ఇద్దరు ఖాళీ చేసి పోతామన్నారు. కనకలక్ష్మికి ఫోను చేసి, "రేపటి లోపట తోలుకపోతవా, మున్సిపాలిటీ బండికి పట్టియ్యాల్నా?" అన్నాను. ఆమె ఆ సాయంత్రమే ఆటో మాట్లాడుకుని వచ్చింది. నేను నాలుగో అంతస్తులో లిఫ్ట్ పెట్టేవాళ్ళతో మాట్లాడుతున్నాను. గంటసేపు వాకిట్లో నిలబడిందట. నేను దిగలేదు. అమ్మ పోయాక మొదటిసారి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ. కూర్చోబెట్టి ఒడిబియ్యం పోసి, చీర పెట్టి పంపాలి. నేను పైనుంచి తొంగిచూసి, "తాడు గట్టిగ కట్టు, తప్పించుకొని మల్లొస్తది" అని మాత్రం అన్నాను. అదే మా వాకిట్లో ఆమె విన్న చివరి మాట. ఆ తర్వాత ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఒడిబియ్యానికి పిలవలేదు.

ఇప్పుడా చెల్లె చేతిలో మైకు ఉంది. ఎదురుగా ఐదొందల మంది. చెప్పెయ్, ఇంకేం, అనుకున్నాను. నేనైతే చెప్పేవాణ్ణి. ఒక్క అక్షరం మిగల్చకుండా చెప్పేవాణ్ణి.

"మా అన్న జెప్పింది నిజం" అంది కనకలక్ష్మి. "పుస్తకంల తప్పు వడ్డది. ఇది మా బోనగుట్టది గాదు, నా తల్లిగారింటిది. ఖాజాగూడది. మా అమ్మ సాదిన కుక్క. అమ్మ పోయినంక మా అన్న నన్ను తోలుకపోయి ఒడిబియ్యం పోసిండు, చీర పెట్టిండు. ఇంకేం గావాలె చెల్లె అన్నడు. సుక్కినియ్యమన్న. అన్నకు గది పానమసొంటిది. అయినా ఎనకా ముందు సూడకుండ తాడు నా చేతులపెట్టిండు. మా అన్న ఇయ్యకపోతే మా ఊరికి ఈ పేరెక్కడిది?"

ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఒక్కసారి కూడా నా కళ్ళలోకి చూడలేదు.

చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి మరీ కొట్టారు. ఎవరో నన్ను భుజాలు పట్టుకుని స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. యాంకరమ్మ మైకులో "ఖాజాగూడ! ఖాజాగూడ!" అని రెండుసార్లు అంది. నేను అడిగిందంతా దొరికింది, అడగనిది కూడా దొరికింది. ఆ శాలువా కింద నా ఒళ్ళు కాలిపోతోంది. ఇన్నాళ్ళూ కుక్క మీద కుళ్ళుకున్నాను, ఊరి మీద కుళ్ళుకున్నాను. అప్పుడు మా చెల్లె మీద పుట్టిన కుళ్ళు ముందు అవన్నీ ఏపాటి? అంత చేసినవాణ్ణి అంత సులువుగా కాపాడే మనసు ఒకే తల్లి కడుపున పుట్టిన నాకు లేదు. ఉంటే ఈ పాటికి తెలిసేది.

కృష్ణప్రియ ఎక్కడినుంచో రెండు నెలల పిల్లను తెచ్చి ఫోటో కోసమని నా చేతుల్లో పెట్టింది. నుదుట చుక్క. అది నా గడ్డం కింద మూతి దూర్చి వాసన చూసి, చొక్కా గుండీ కొరకడం మొదలుపెట్టింది. ఫోటోలు తీశారు.

అందరూ అటు తిరిగాక కనకలక్ష్మి నా పక్కకు వచ్చింది. "తోలుకపోతవా అన్నా?" అంది మెల్లగా. ఎత్తిపొడుపేమో అని ఆమె మొహంలోకి చూశాను, కాదు. నిజంగానే అడిగింది. "ఆడపిల్లనే. నీ ఇంట్ల మల్ల పుడ్తయ్."

నేను లెక్క వేశాను. కింద బండ్లు. పక్కన వంటిల్లు. వాకిలి మొత్తం టైల్సు. పైన నూట ఇరవై మంది పిల్లలు, నెలనెలా కిరాయి. డాబా మీద సెల్ టవరు, ట్యాంకులు. ఐదంతస్తులూ వెతికాను.

"జాగ లేదే" అన్నాను.

"నాకెరుకే అన్నా" అని పిల్లను తీసుకుని, కొంగులో చుట్టుకుని, భర్త రాములు నిలబడ్డ వైపు వెళ్ళిపోయింది.

నేను స్టేజీ దిగుతుంటే కోస్తా వైపు పెద్దావిడ ఒకరు దారికి అడ్డం వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "మీలాంటి అన్నయ్య దొరకాలంటే పెట్టి పుట్టాలండీ" అన్నారు. "నాకూ ఉన్నాడు ఒకడు, ఎందుకు? పదేళ్ళైంది గుమ్మంలోకి రానిచ్చి. మీ చెల్లెలు అదృష్టవంతురాలండీ."

"అవునండి" అన్నాను.