రెండో సీసా

మా ఆయనది పాత కార్ల వ్యాపారం. సొట్టలకు పుట్టీ పూసి, రంగు కొట్టించి, "ఒక డాక్టరుగారు మాత్రమే నడిపిన బండండీ" అని అంటగట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ డాక్టరుగారు ఇన్ని బండ్లు నడుపుతూ రోగుల్ని ఎప్పుడు చూశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అంతటి ఘనుడు ఇల్లు కొనడానికి బయల్దేరాడు. కారణం మా అత్తయ్య. ఆమెకు ఉబ్బసం. మేం అద్దెకుంటున్న ఇంటి గోడల నిండా చెమ్మ. ఇంకో వానాకాలం ఆ గదిలో ఉంటే తను పూచీ పడనని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఈయన నిజం డాక్టరు, బండ్లు నడిపే బాపతు కాదు. అత్తయ్యకు పొడిగా ఉండే గది ఒకటి దొరికితే చాలు, మిగతా ఇల్లు ఎలా ఉన్నా సరే అనుకున్నాం. అనుకున్నది నేనూ, అత్తయ్యా. మా ఆయన లెక్కలు వేరు.

ఆ ఉదయం కారెక్కగానే అత్తయ్య ఎప్పటిలాగే వెనక అద్దం పూర్తిగా దించేసింది.

"అమ్మా, ఏసీ వేశాను కదా! అంతా బయటికి పోతోంది" అని ఆయన ఎప్పటిలాగే విసుక్కున్నాడు.

"నాకు గాలాడదురా" అందావిడ. ఆ కారూ షాపులోదే. ఎవరూ కొనకపోతే మా నెత్తిన పడింది.

బ్రోకరు చూపించిన మొదటి ఇల్లు పాతది. రంగు వెలిసిపోయింది, గుమ్మం తలుపు కిర్రుమంది. కానీ గదుల్లోకి ధారాళంగా ఎండ వస్తోంది, గోడకు అరచెయ్యి ఆనిస్తే పొడిగా, వెచ్చగా తగిలింది. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకుంది. మా ఆయన మాత్రం మొహం చిట్లించాడు.

"ఇదేం ఇల్లు? షాపు ముందు పెడితే కుక్క కూడా ఆగి చూడదు."

"మనం ఉండటానికి కదండీ, అమ్ముకోవడానికా?"

"నీకు తెలీదు, ఊరుకో."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నాకు నేర్పింది అదొక్కటే, నాకేమీ తెలియదని.

రెండో ఇల్లు ధగధగా మెరిసిపోతోంది. నేల మీద పలకల్లో మా ఆయనకు ముందు తన మొహం కనిపించింది, ఆ తర్వాతే ఇల్లు కనిపించింది. దాంతో పడిపోయాడు. పెళ్ళికూతురి బుగ్గ నిమిరినట్టు గోడ నిమిరి, "ఏం ఫినిషింగండీ!" అన్నాడు. జన్మంతా పుట్టీ పూసి బతికిన మనిషి ఎదుటివాడి పుట్టీకి మురిసిపోతుంటే, నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు నాకు.

"ఇది పెద్దమ్మగారి గదండీ" అంటూ బ్రోకరు ఇంకో తలుపు తీశాడు. నిమ్మకాయ సెంటు వాసన గుప్పుమంది. ఒక గోడ మొత్తాన్ని కప్పేస్తూ అద్దాల బీరువా ఉంది. అత్తయ్య మంచం అంచున కూర్చుంది. కాసేపటికి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గు ఆపుకుంటోంది.

"ఎలా ఉందమ్మా గది?"

"బాగుంది నాయనా" అంది, కొడుకు సంబరం చెడగొట్టలేక. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఒకరికి కళ్ళు లేవు, ఇంకొకరికి నోరు లేదు.

మా ఆయన అప్పుడే బయానా ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు. నేను వాసన పట్టుకుని వెతికాను. కిటికీ కమ్మీకి ఒక సెంటు సీసా వేలాడుతోంది. మంచం వెనక ఇంకొకటి ఉంది. రెండూ తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"ఏమండీ, మన షాపులో రెండు సీసాలు ఏ బండికి పెడతారు?"

ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. మామూలు బండికి ఒక సీసా, వరదనీళ్ళలో మునిగి తేలిన బండికి రెండు. ఆ కిటుకు ఒకరోజు అన్నం తింటూ నాకూ, అత్తయ్యకూ గొప్పగా చెప్పింది ఆయనే.

"సువాసన కోసమేనండీ" అని బ్రోకరు నసిగాడు.

నేను బీరువా తెరిచి వెనక చెక్క మీద వేలితో నొక్కాను. పాలలో నానిన రొట్టెలా వేలు లోపలికి దిగింది. ఆ చిల్లులోంచి నల్లగా బూజు పట్టిన గోడ కనిపించింది. అంతే, అత్తయ్య ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని కారు దాకా నడిపించాం.

దారి పొడుగునా మా ఆయన స్టీరింగు మీద గుద్దుతూనే ఉన్నాడు. "ఎంత మోసం! ఉబ్బసం మనిషికని చెప్పాను కదా వాడికి! వీళ్ళ ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఉండరా? సీసాలు కట్టి అమ్ముతారా, సిగ్గులేని వెధవలు!"

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈ గింజ మరీ ఉపన్యాసం ఇస్తోంది.

తెరిచిన అద్దంలోంచి గాలి తగిలి అత్తయ్యకు దగ్గు నెమ్మదించింది. వంగి కాళ్ళ దగ్గర ఏదో తడుముకుంది.

"ఒరేయ్, నీ ముందు అద్దానికి ఒక సీసా వేలాడుతోంది. నా సీటు కింద ఇంకోటి ఎప్పుడూ కాలికి తగులుతూ ఉంటుంది. ఇదీ మునిగిన బండేనట్రా?"

ఆయన మిగతా అద్దాలన్నీ తనే దించాడు.

"మొదటి ఇంటికి పోనివ్వండి" అన్నాను.

ఈసారి నాకు తెలీదని అనలేదు.