ఎడమ చక్రంలో గాలి

యుద్ధం రోజుల్లో బెంగళూరులో కొత్త టైరు దొరకడం గగనమైపోయింది. కాటన్‌పేటలో నూలు వ్యాపారం చేసే జయరామప్ప కారుకు వెనక ఎడమ టైరు కోసుకుపోయింది. లోపల పాత టైరు ముక్క ఒకటి అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నాడు. స్టెప్నీ ఎప్పుడో పాడైంది. కోత నోరు తెరవకుండా ఆ చక్రంలో గాలి తక్కువే ఉంచేవాడు. ఒక్కడే తిరిగినంతకాలం అది సరిపోయింది.

వేసవిలో ఒక పొద్దున దొడ్డబళ్ళాపురం నుంచి కబురొచ్చింది, అక్క మునివెంకటమ్మకు కడుపునొప్పి అని. అతను కారులో వెళ్ళేసరికి ఆమె చాప మీద ముడుచుకుపోయి మూలుగుతోంది. ఊరి డాక్టరు జయరామప్పను పక్కకు పిలిచాడు.

"పేగు వాచి చీము పట్టింది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దారిలో నొప్పి ఉన్నట్టుండి తగ్గిందంటే సంతోషపడొద్దు. లోపల పగిలిందని అర్థం."

పొద్దుటి రైలు వెళ్ళిపోయింది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

వెనక సీటులో అక్కను పడుకోబెట్టి, తల ఆమె కూతురు అనసూయ ఒళ్ళో పెట్టారు. ముందు సీటులో బావ ఆదినారాయణప్ప, అతని తల్లి కెంపమ్మ ఎక్కారు. ఎడమ టైరు నేలకు అణిగిపోయింది. జయరామప్ప పంపు తెచ్చి గాలి కొట్టాడు. ముప్పై పౌన్లు దాటేసరికి కోతలోంచి నూలుపోగులు బయటికి ఉబికాయి. చెయ్యి ఆపేశాడు.

"ఇంక కొడితే చీలిపోతాది బావా."

"అట్లయితే ఉన్నదాంతోనే పోదాం పద!"

"ఇంత బరువుకు ఈ గాలి చాలదు. మెత్తగా ఉండి, వేడెక్కి, దారిలోనే పోతాది. బరువు తగ్గాల."

కెంపమ్మ దిగింది. అయినా టైరు బరువుకు ఉబ్బే ఉంది. జయరామప్ప బావ ముఖం చూశాడు.

"నన్నా దిగమనేది? అది నా పెండ్లాం అప్పా!"

"అనసూయ దిగితే అక్కను పట్టుకునేవాళ్ళు ఉండరు. నడిపేవాణ్ణి నేను. ఇంకెవరున్నారు బావా?"

ఆదినారాయణప్ప దిగలేదు. వెనకనుంచి మునివెంకటమ్మ గొంతు సన్నగా వినిపించింది. "దిగండి. నాకు తాళేకి కాలేదు."

అతను దిగి, తలుపు తానే వేశాడు. జయరామప్ప పోగులు లోపలికి పోయేలా రెండు పౌన్ల గాలి వదిలి, టైరు ఒకసారి చేత్తో నొక్కి చూసి బండి కదిలించాడు.

గుంతల్ని తప్పిస్తూ మెల్లగా నడిపాడు. యలహంక దగ్గర దిగి టైరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గాలి ముప్పై మూడుకు ఎక్కింది. పోగులు మళ్ళీ ఉబికాయి.

"కొంచెం తీసేయ్ మామా, పగిలేటట్టుండాది" అంది అనసూయ.

అతని వేలు వాల్వు దాకా పోయి ఆగింది. "వేడికి ఎక్కిన గాలి ఇది. తీస్తే మెత్తబడి ఇంకా కాలుతాది. చల్లారేదాకా ఆగడమే మంచిది" అన్నాడు. అక్కడ చెట్టు నీడ కూడా ఉంది.

అప్పుడే మునివెంకటమ్మ కళ్ళు తెరిచింది. "ఒరే జయరామా, నొప్పి తగ్గిందిరా" అంది.

"తగ్గిందంట మామా!" అనసూయ ముఖం వికసించింది.

జయరామప్పకు డాక్టరు మాట గుర్తొచ్చింది. పరుగున వచ్చి సీట్లో కూర్చున్నాడు. అంతవరకూ టైరు కోసం అణిచిపెట్టిన వేగమంతా ఒక్కసారిగా వదిలేశాడు. ఎడ్లబండ్లు అడ్డమొచ్చినచోట రోడ్డు దిగి కంకర మీదుగా పోనిచ్చాడు. హెబ్బాళ దాటాక వెనక చక్రం దగ్గర తప్ తప్ మని చప్పుడు మొదలైంది. అనసూయ వద్దు వద్దంటూనే ఉంది. అతను వినలేదు.

ఊళ్ళోకొచ్చి ఆసుపత్రి వీధి మలుపు తిరుగుతుండగా టైరు ఢామ్మని పేలింది. బండి అడ్డంగా ఊగి, ఒక జట్కాను రాసుకుంటూ పోయింది. జయరామప్ప స్టీరింగు బిగబట్టి ఆపకుండా పోనిచ్చాడు. ఇనుప రిమ్ము రాళ్ళ మీద గీరుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ ఆసుపత్రి గేటులోకి వెళ్ళింది.

లోపల పగిలింది నిజమే. ఇంకొంచెం ఆలస్యమైతే కత్తి పట్టేవాణ్ణి కాదన్నాడు సర్జను. బతుకుతుందని మాత్రం అనలేదు.

సాయంత్రానికి ఆదినారాయణప్ప వచ్చాడు, బస్సు బొగ్గు పొగకు ముఖమంతా మసి. స్పృహలేని భార్యను చూసి, వరండాలో బావమరిది పక్కన కూలబడ్డాడు.

"దారంతా నిన్ను తిట్టుకుంటానే వచ్చినప్పా."

"నేను కూడా తిట్టుకుంటానే వచ్చినా బావా. మన ఇద్దరినీ."

ఆమెకు చాలా రోజులు జ్వరం వదల్లేదు. ఇద్దరూ వంతులవారీగా ఆ వరండాలోనే పడుకున్నారు. ఒక ఉదయం మునివెంకటమ్మ చుట్టూ చూసి, "ఈడ తినేకి ఏమన్నా పెడతారా, ఊరికే మందులేనా?" అని కసిరింది.

గంజి తెస్తానని లేచిన ఆదినారాయణప్ప గిన్నె తీసుకోవడం మరిచిపోయి వెళ్ళాడు.