కోరుట్ల అంగట్ల ఒక్క రూపాయి

శ్రీలతది మేడిపల్లి. మొగడు లచ్చయ్య తాళ్లెక్కి కల్లు గీస్తడు. పొద్దుగాల ఒకసారి, మాపటీలి ఒకసారి చెట్టు ఎక్కాల్సిందే. నడిమిట్ల ఊరు దాటి పోయి రావాలంటె ఆయనకు పురుసతుండది. గందుకే అంగళ్లకు తిరిగే పని శ్రీలత మీద పడ్డది. పడ్డదంటె ఏడుస్తూ చేసిందని కాదు, ఆమెకు అంగడంటె ఇష్టమే. పదిహేను రోజులకొకసారి సిరిసిల్లకు పోయి, చీరె కింద కట్టే లంగాలు మూటగట్టుకొని తెచ్చేది. వారం వారం కోరుట్ల అంగట్ల పరదా పరుచుకొని కూసుండేది. ఎవలన్న చీరె కొంగు చూపెడితె చాలు, గా రంగుకు కలిసే లంగా మూటల నుంచి చూడకుంటనే తీసిచ్చేది. నాలుగేండ్లల్ల అంత చెయ్యి తిరిగింది.

కష్టమల్లా పైసలు తీసుకునే కాడ.

లంగాలు కొనేది ఆడోళ్లే అయినా, పైసలిచ్చేది మాత్రం శానా సార్లు ఎంట వచ్చిన మొగోళ్లే. నోటు ఇచ్చేటప్పుడు ఒకసారి ఏలు తగులుతది, చిల్లర తీసుకునేటప్పుడు ఇంకోసారి తగులుతది. పొరపాటున తగిలిన ఏలేదో, కావాలని తగిలిన ఏలేదో ఆడిదానికి ఒకలు చెప్పాల్సిన పని లేదు. శ్రీలత ఒక స్టీలు పళ్లెం ముందట పెట్టుకున్నది. "గిండ్ల పెట్టుండ్రన్నా" అనేది. అందరు పెట్టేటోళ్లు. ఒక్కడు మాత్రం పెట్టకపోతుండె.

నలభై అయిదేండ్లుంటయి వానికి. ఇస్త్రీ చేసిన తెల్లంగి, మీద జేబుల రెండు పెన్నులు. ఏ ఊరో, ఏం పేరో అంగట్ల ఎవలకు తెల్వదు. ఆడోళ్లు కూసున్న కాడనే తిరిగేటోడు. ఒక వారం ఇంట్లకని లంగా కొంటడు, ఇంకో వారం పక్కన ఎల్లిగడ్డ పావుకిలో కొంటడు. ఎప్పుడు తీసినా అయిదు వందల నోటే తీస్తడు, ఎందుకంటె చిల్లర తీసుకునేటప్పుడు చెయ్యి పట్టి పట్టి తీసుకోవచ్చు. ఎల్లిగడ్డలమ్మే రాజవ్వకు అరవై దాటినయి, ఆమె చెయ్యి గూడ వాడు ఇడిసిపెట్టలే.

"నా చెయ్యి పట్టుకుంటె వానికేం దొరుకుతదే, ఎల్లిగడ్డ వాసన తప్ప" అని నవ్వేది రాజవ్వ. నవ్వేది గని, వాడు దూరంగ కనవడంగనే కొంగు రెండు భుజాల మీదికి గుంజుకునేది. శ్రీలత గది చూసింది.

ఇగ మాపటి బాధ ఇంకోటి. అమ్మిన పైసలన్ని రైకల పెట్టుకొని బస్టాండు దాకా నడువాలె. ఒకనాడు ఎవడో దుకాణం ఎత్తిన కాడి నుంచి బస్సెక్కే దాకా ఎనుకనే వచ్చిండు. ఏం చెయ్యలే, ఏం అనలే. అయినా గా రోజు నుంచి శ్రీలత ఎండ ఉండంగనే మూట కట్టుడు మొదలువెట్టింది. బేరం మంచిగ సాగేది పొద్దు వంగినంకనే, గది తెలిసి గూడ.

సిరిసిల్లల ఆమెకు లంగాలు ఇచ్చేది జోహరా బీ. ముప్పై ఏండ్ల సంది ఇంట్లనే మిషన్ మీద కుడుతున్న మనిషి. కుట్టు ఎంత గట్టిదో మాట గంత మెత్తగుంటది. ఆమె బిడ్డ నాహీద్ డిగ్రీ చదివి, తల్లి దగ్గరుండి గిరాకీలతోని మాట్లాడుడు, బట్ట తెప్పిచ్చుడు చూసుకుంటది. శ్రీలత ఒకసారి మూట కట్టుకుంట గీ చిల్లర ముచ్చట చెప్పింది.

"అక్కా, నీకు బ్యాంకు ఖాతా ఉన్నది, ఫోన్ ఉన్నది. స్కానర్ పెట్టుకోరాదు?" అన్నది నాహీద్. "చేతికి చెయ్యి తాకే పనే ఉండదు. మాపటికి రైకల పైసలు గూడ ఉండయి."

గంట సేపట్ల పని అయిపోయింది. శ్రీలత ఫోన్ నంబరు మీదనే స్కానర్ తీసి, అట్ట ముక్కకు అతికిచ్చి ఇచ్చింది నాహీద్. ఇంటికి తెస్తె లచ్చయ్య దాన్ని అటు ఇటు తిప్పి చూసిండు. "ఇగ తాటిచెట్టుకు గూడ ఒకటి కట్టాలె" అన్నడు.

మొదటి రెండు వారాలు శ్రీలతకు పాణం తేలికైంది. జనం ఫోన్ చూపెడుతుండ్రు, డబ్బులు పడుతున్నయి, ఎవల చెయ్యి వాళ్ల దగ్గరనే ఉన్నది. రెండో వారం తెల్లంగి ఆయన వచ్చి ఎప్పటి తీరుగనే అయిదు వందల నోటు చాపిండు.

"చిల్లర లేదన్నా. స్కాన్ చెయ్యిండ్రి" అన్నది శ్రీలత.

వాడు అట్ట దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. ఫోన్ తీసి స్కాన్ చేసిండు. తెర మీద ఏమో చదువుకొని చిన్నగ నవ్వుకుంట పోయిండు. గా నవ్వు ఏందో శ్రీలతకు సమజ్ కాలే.

తెల్లారి మాపటీలి పొయ్యి మీద కూర ఉడుకుతుంటె ఫోన్ మోగింది. "శ్రీలతేనా? నిన్న అయిదు వందలకు చిల్లర లేదంటివి గదా" అన్నది అవతలి గొంతు. ఆమె ఫోన్ పెట్టేసింది. మల్ల మోగింది, ఎత్తలే. మూడో నాడు ఖాతాల ఒక్క రూపాయి పడ్డది. దాని కింద ఒక మాట రాసి ఉన్నది: "నీలం చీరె మంచిగున్నది." తెల్లారి ఇంకో రూపాయి: "ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు."

గా అట్ట మీది నుంచే తన పేరు, నంబరు వానికి పోయినయని శ్రీలతకు గప్పుడు అర్థమైంది. చెయ్యిని కాపాడుకోబోయి ఇంటి తలుపు తీసిచ్చినట్టయింది. అయినా రూపాయిలు వచ్చుడు ఆగలే. మాట కనవడంగనే ఫోన్ బోర్లేసేది. పిల్లలు ఫోన్ అడిగితె ఇయ్యకపోయేది. అట్టను మూట అడుగున దాచిపెట్టింది. నాలుగు రోజులు ఎవలకు చెప్పలే. అయిదో నాడు లచ్చయ్యకు చెప్పింది.

లచ్చయ్య చెట్టు గీసే కత్తి తీసి నూరుడు పెట్టిండు.

"ఎవడాడు? పేరేంది?"

"తెల్వది. తెలిసినా చెప్ప. నువ్వు కత్తి పట్టుకొని పోతె రేపు తాళ్లెవలెక్కుతరు?"

"మరి గట్లనే పడి ఉందమా?"

"పడి ఉందమని నేననలే. జర ఆగు."

గా వారం ఆమె అంగడికి పోలే. సీదా సిరిసిల్ల పోయింది. జోహరా బీ మిషన్ ఆపి, ముచ్చట మొత్తం ఇన్నది. నాహీద్ మొఖం చిన్నగ చేసుకున్నది. "తప్పు నాదే అక్కా. నీ సొంత నంబరు మీద తియ్యకపోవాల్సింది" అన్నది.

జోహరా బీ బిడ్డను ఏమనలే. శ్రీలతనే అడిగింది. "బేటీ, వాడు నీ పేరు చూసిండు. నువ్వు వాని పేరు చూసినవా?"

శ్రీలత చూడలే. భయానికి గా మాట ఒక్కటే చదివి ఫోన్ పక్కన పారేసేది. ఇప్పుడు ముగ్గురు కలిసి తీసి చూసిండ్రు. ఎనిమిది సార్లు ఒక్కో రూపాయి పంపిండు. ఎనిమిది సార్లూ పైన పేరున్నది, బ్యాంకుల రాసిన అసలు పేరు. ప్రభాకర్.

"గింతేనా" అన్నది శ్రీలత. ఎందుకన్నదో ఆమెకే తెల్వది. ఇన్ని దినాలు గా మనిషి ఒక చెయ్యి, ఒక గొంతు; ఏడ నుంచి వచ్చి ఏడికి పోతడో తెల్వని గాలి లెక్కుండె. పేరు చూసినంక ఒట్టి మనిషైండు. ఇంట్ల ఎవలో ఒకలు గా పేరు పెట్టి పిలిచే మనిషి.

నాహీద్ గా ఎనిమిది మాటలను ఫొటోలు తీసి దాచింది. పాత స్కానర్ చింపేసి, దుకాణం పేరు మీద కొత్త ఖాతా తెరిచింది. ఇప్పుడు ఎవలు స్కాన్ చేసినా "మేడిపల్లి లంగాల దుకాణం" అనే కనవడుతది, శ్రీలత పేరు లేదు, నంబరు లేదు. పైసలు పడంగనే తెలుగుల చెప్పే చిన్న డబ్బా గూడ తెప్పిచ్చింది. ఆడోళ్లను సతాయించేటోళ్లను పట్టే షీ టీము పోలీసోళ్ల నంబరు ఫోన్ల ఎక్కిచ్చింది. "వాడు మల్ల ఫోన్ చేస్తె నువ్వు మాట్లాడకు, వాళ్లతోని మాట్లాడిపియ్యి" అన్నది.

మల్లొచ్చిన అంగట్ల శ్రీలత పొద్దుగాలనే రాజవ్వకు అంతా చెప్పింది. రాజవ్వ ఎల్లిగడ్డలు కుప్ప పోసుకుంట, "రానీ" అన్నది.

పొద్దు వంగినంక వాడు వచ్చిండు. శ్రీలత లేసి నిలవడ్డది. గొంతు ఎత్తి పిలిచింది.

"రాండ్రి ప్రభాకర్ గారూ."

వాడు నిలవడ్డ కాడనే నిలవడ్డడు. అటు పక్క గాజులామె, ఇటు పక్క కూరగాయలోళ్లు తలలెత్తి చూసిండ్రు.

శ్రీలత స్టీలు పళ్లెంల ఎనిమిది రూపాయి బిళ్లలు పెట్టి ముందటికి జరిపింది. "మీరు నాకు ఎనిమిది సార్లు ఒక్కో రూపాయి పంపిండ్రు. నేను ఎవల పైసలు ఉంచుకోను. తీసుకోండ్రి."

"ఏం రూపాయి? నాకేం తెల్వది. పిల్లలు ఫోన్ల ఏమో ఒత్తి ఉంటరు" అన్నడు ప్రభాకర్.

"పిల్లలు నా చీరె రంగు రాస్తరా?"

రాజవ్వ లేసి దగ్గరికి వచ్చింది. "ఏం రాసిండే బిడ్డా? నాకు సదువు రాదు. జర అందరికి ఇనవడేటట్టు సదువు" అన్నది.

శ్రీలత ఫోన్ తీసింది. ఇంకా నోరు తెరవనే లేదు, వెనుక నుంచి కూరగాయలు కొంటున్న ఒక ముసలాయన, "అరే, నువ్వు మా పక్క ఊరి ఎరువుల దుకాణం ప్రభాకర్‌వే గదా" అన్నడు. ప్రభాకర్ చేతులు రెండు జేబులల్ల పెట్టుకున్నడు.

"తప్పైంది" అన్నడు కిందికి చూసుకుంట.

"తప్పని నాకొక్కదానికి చెప్తె అయిపోతదా? గీ అవ్వ చెయ్యి పట్టినవు, గా గాజులామె చెయ్యి పట్టినవు. నీ మాటలన్ని నా దగ్గర ఉన్నయి. ఇంకొక్కసారి ఫోన్ మోగిందంటె షీ టీముకు పోతయి. ముందుగాల బిళ్లలు తీసుకో."

వాడు ఒక్కో బిళ్ల ఏరుకున్నడు. రాజవ్వ లెక్కవెట్టింది గూడ. తర్వాత వాడు పోయిండు. గా అంగట్ల మల్ల ఎవలకు కనవడలే. ఫోన్ గూడ రాలే. లచ్చయ్య గిదంతా ఇని, "నేను నూరిన కత్తి ఉత్తగనే పాయె" అన్నడు. గా రాత్రి ఇంట్ల అందరు కలిసి నవ్విండ్రు, శానా దినాల తర్వాత.

పది దినాలకు నాహీద్ కోరుట్ల వచ్చింది. పదకొండు మంది ఆడోళ్లకు దుకాణం పేరు మీదనే స్కానర్లు చేసిచ్చింది. రాజవ్వకు స్కానర్ కన్నా డబ్బా నచ్చింది. సదువు రానోళ్లకు కాయిదం కన్నా మాట్లాడే డబ్బా మేలని ఆమె లెక్క. మొదట్ల డబ్బా పలికినప్పుడల్లా "ఆ, ఇన్న" అని జవాబు చెప్పేది. పైసలు సీదా ఖాతాల పడుతుంటె శ్రీలత పొద్దుగూకే దాకా కూసునుడు మొదలువెట్టింది. బేరం పెరిగింది. ఇన్ని దినాలు మాపటికి తిరిగొచ్చుడు ఎట్లనని ఎన్నడూ పోని జగిత్యాల అంగడి మీద మనసు పోయింది.

గీ ముచ్చట సిరిసిల్లల చెప్తుంటె జోహరా బీ, "నేను గూడ వస్త" అన్నది.

నాహీద్ తల్లి దిక్కు వింతగ చూసింది. ముప్పై ఏండ్లల్ల ఆమె కుట్టిన లంగాలు ఏ అంగళ్లల్ల అమ్ముడువోయినయో లెక్క లేదు గని, ఆమె ఒక్క అంగట్ల గూడ కూసోలే. ఎవలు కట్టుకుంటరో చూడలే. మొదట్ల ఇంట్ల వద్దన్నరు, తర్వాత ఆమెకే ఇంట్ల ఉండుడు అలవాటైంది. అంగడి ఆడోళ్లకు మంచి జాగ కాదని అప్పట్ల అందరు అనేటోళ్లు, ఆమె గూడ అనేది.

జగిత్యాలల మొదటి గంట జోహరా బీ మూటల ఎనుకకు జరిగి, దుపట్టా నొసటి దాకా గుంజుకొని కూసున్నది. డబ్బా పలికినప్పుడల్లా ఉలికివడేది. ఒకామె లంగా చేతులవట్టి, నాడా కుట్టిన కాడ తిప్పి తిప్పి చూసి, "కుట్టు గట్టిదేనా?" అని శ్రీలతను అడిగింది.

శ్రీలత జవాబు చెప్పే లోపల్నే ఎనుక నుంచి జోహరా బీ అన్నది. "గుంజి చూడు బేటీ. తెగితె పైసలియ్యకు."

గామె గట్టిగ గుంజింది. తెగలే. "నువ్వు కుట్టినవా అవ్వా?" అని అడిగింది.

"నేనే."

"అయితె నాకు వంకాయ రంగుది ఒకటి గావాలె. గీ చీరెకు ఏడ తిరిగినా కలుస్తలేదు."

మూటల గా రంగు లేదు. జోహరా బీ ముందటికి జరిగి కూసున్నది. కండ్లజోడు పెట్టుకొని, గామె కొంగును వెలుగుకు పట్టి చూసింది. అంచుల నుంచి ఒక పోగు లాగి, కొసకు ముడి వేసి తన సంచిల దాచుకున్నది.

"వచ్చే వారం కుట్టి తెస్త" అన్నది.

"వచ్చే వారం గూడ ఉంటవా మరి?"

"ఉంట" అన్నది జోహరా బీ. అని, ఎనుక నిలవడ్డ ఇంకొకామెను రమ్మని చెయ్యి ఊపింది.